ఓక్ పీపాకూ ఆర్మూర్ పసుపుకూ ఒకే పుట్టుక

ఆర్మూర్, బాల్కొండ, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతంలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. సెలవు మీద ఇంటికొచ్చేవాళ్ల పెట్టెల్లో ఖర్జూరాలు, సబ్బులు, సెంటు సీసాలు, కంబళ్లతో పాటు విమానాశ్రయంలో కొన్న విస్కీ సీసా ఒకటి ఉండటం ఏళ్లుగా నడుస్తున్న ఆనవాయితీ. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్ల దాకా మద్యం తెచ్చుకోవచ్చని మన కస్టమ్స్ నిబంధన చెబుతోంది. ఆ సీసాల్లో కొన్నింటి మీద ‘సింగిల్ మాల్ట్’ అనీ, దాని కింద ‘షెర్రీ కాస్క్’ అనీ రాసి ఉంటుంది. వెలుతురుకు పట్టి చూస్తే ముదురు తేనె రంగు, కొన్నిట్లో ఎరుపు కలిసిన గోధుమ రంగు. ఆ రంగు చూడగానే సరుకు గొప్పదని తేల్చేస్తారు.

రంగు బాగుంటే సరుకు బాగున్నట్టేనా? ఆర్మూర్‌కు ఈ ప్రశ్న కొత్తది కాదు. పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, ఆ వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోవడం ఇక్కడి రైతుకూ వ్యాపారికీ తరాల నాటి అలవాటు. కొమ్ము విరిచినప్పుడు కంటికి కనిపించేది ఒక పదార్థం, ముక్కుకు తగిలేది వేరే పదార్థం. విస్కీలోనూ అంతే. షెర్రీ పీపాలో పండిన విస్కీకి ఆ రుచి ఎక్కడిదని వెతుక్కుంటూ పోతే, ఆ దారి ఒకచోట నేరుగా పసుపు చేలోకే వస్తుంది.

రంగు లేకుండా పుట్టే సారా

సింగిల్ మాల్ట్ స్కాచ్ అంటే ఏమిటో బ్రిటన్ చట్టం, అంటే 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు, కచ్చితంగా చెప్పింది. మొలకెత్తించిన బార్లీ, నీళ్లు, ఈస్ట్ తప్ప ముడిసరుకు వేరేది ఉండకూడదు. ఒకే డిస్టిలరీలో, విడతలు విడతలుగా, కుండ ఆకారపు బట్టీల్లో దించాలి. 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో, స్కాట్లాండ్ నేల మీద, కనీసం 3 ఏళ్లు ఉంచాలి. సీసాలోకి వచ్చేసరికి ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. నీళ్లు కలపవచ్చు. రంగు కోసం సాదా కారమెల్ కలపవచ్చు. ఇంకేదీ కలపకూడదు.

బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తే గింజలో ఎంజైములు మేల్కొంటాయి. గింజలోని పిండిని చక్కెరగా మార్చే పని వాటిదే. మొలకను ఎండబెట్టి ఆపేస్తే అది మాల్ట్. దాన్ని పిండి పట్టి, వేడినీళ్లలో కలిపి తీసిన తియ్యటి నీళ్లకు ఈస్ట్ వేస్తే రెండు మూడు రోజుల్లో పులిసి 8 శాతం అటూ ఇటూ ఆల్కహాల్ తయారవుతుంది. పులిసేటప్పుడే ఈస్ట్ ఎస్టర్లు అనే చిన్న చిన్న వాసన అణువులను కూడా వదులుతుంది. అరటిపండు వాసన, ఆపిల్ వాసన వీటివే. తర్వాత రాగి బట్టీలో రెండుసార్లు దించితే దాదాపు 70 శాతం ఆల్కహాల్ ఉన్న సారా వస్తుంది. రాగి ఊరికే పెట్టిన లోహం కాదు. పులిసేటప్పుడు పుట్టిన గంధకపు వాసనలను అది పట్టి లాగేస్తుంది. ఈ దశలో సారాకు రంగు అన్నదే ఉండదు.

మన దుకాణాల్లో విస్కీ పేరుతో దొరికేదానిలో పెద్ద భాగం పుట్టుక వేరు. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌ను గానీ, ధాన్యాన్ని గానీ పులియబెట్టి, పొడవాటి స్తంభాల్లాంటి బట్టీల్లో 96 శాతం దాకా శుద్ధి చేసి, దానికి కొంత మాల్ట్ సారా, రుచి, రంగు కలుపుతారు. బోధన్‌లో నిజాం కాలంలో పెట్టిన చక్కెర కర్మాగారం నడిచిన నిజామాబాద్ జిల్లా ఇది కాబట్టి మొలాసిస్ ఇక్కడివాళ్లకు తెలిసిన సరుకే. అంత శుద్ధి చేసిన సారాలో ఆల్కహాల్ తప్ప వాసన అణువులు దాదాపు మిగలవు. మొలాసిస్‌తో చేసినదాన్ని యూరప్ దేశాల్లో విస్కీ పేరుతో అమ్మనివ్వరు. అక్కడి చట్టం ప్రకారం విస్కీ ధాన్యంతోనే కావాలి.

మన సొంత పానీయాలకు చెక్కతో పని లేదు. ఈత కల్లు, తాటి కల్లు దించిన పూటే తాగాలి, గంటలు గడిచేకొద్దీ పులుపెక్కుతాయి. ఆదిలాబాద్ అడవుల్లో ఎండబెట్టిన ఇప్పపువ్వుతో దించే సారా కూడా తాజాగా తాగేదే. పానీయాన్ని పీపాలో పోసి పదేళ్లు తాళం వేసి ఉంచడం మన అలవాట్లలో లేని పద్ధతి. అందుకే ఆ పదేళ్లలో లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి.

స్పెయిన్ నుంచి వచ్చే పీపా

షెర్రీ అంటే స్పెయిన్ దక్షిణాన ఆండలూసియాలో, హెరెస్ పట్టణం చుట్టుపక్కల చేసే ద్రాక్షసారా. ఎక్కువగా పాలొమీనో అనే తెల్లద్రాక్షతో చేస్తారు. ద్రాక్ష రసం పులిశాక దానికి కొంత ఘాటు సారా కలిపి పీపాల్లో ఉంచుతారు. షెర్రీల్లో ‘ఫీనో’ రకం మీద ఈస్ట్ పొర తెట్టెలా కట్టుకుని గాలి తగలనివ్వదు. ‘ఒలొరోసో’ రకంలో ఆల్కహాల్ 17 శాతానికి పైగా ఉండటంతో ఆ ఈస్ట్ బతకదు. అప్పుడు గాలి నేరుగా తగిలి, సారా ఏళ్ల తరబడి నిదానంగా ఆక్సీకరణ చెందుతూ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. వేయించిన గింజల వాసన, ఎండు పండ్ల వాసన పట్టుకుంటుంది. ‘పెడ్రో హిమెనెజ్’ అనే ద్రాక్షను ఎండలో ఎండబెట్టి చేసే రకమైతే చిక్కటి పాకమే.

ఒకప్పుడు షెర్రీని పీపాల్లోనే ఓడలెక్కించి బ్రిటన్‌కు పంపేవారు. అక్కడ సీసాల్లోకి దించాక ఖాళీ అయిన పీపాలను వెనక్కి పంపడం కన్నా పారేయడమే చవక. స్కాట్లాండ్ డిస్టిలరీలు వాటిని కొనుక్కుని తమ సారా పోసుకున్నాయి. ఖర్చు తగ్గించుకోవడానికి మొదలైన పని రుచికి ఆధారమైంది. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నిబంధన రావడంతో ఆ ఓడ పీపాలు ఆగిపోయాయి. ఇప్పుడు విస్కీ కంపెనీలే కొత్త ఓక్ పీపాలు చేయించి, హెరెస్‌లో వాటి నిండా షెర్రీ పోయించి, ఏడాది రెండేళ్లు నానబెట్టించి తెప్పించుకుంటాయి. నానబెట్టే ఈ పనిని ‘సీజనింగ్’ అంటారు. మెకాలన్, గ్లెన్‌ఫార్క్లస్, గ్లెన్‌డ్రోనాక్ లాంటి డిస్టిలరీలు ఈ పీపాలకే పేరు పడ్డాయి. తరాల తరబడి షెర్రీ చేసే పాత పీపాలు మాత్రం హెరెస్ వదిలి రావడం అరుదు.

‘బట్’ అని పిలిచే షెర్రీ పీపా దాదాపు 500 లీటర్లది. ఖాళీ చేశాక కూడా దాని చెక్కలో కొన్ని లీటర్ల షెర్రీ ఇంకి ఉంటుంది. దాంతో పాటే సోటొలాన్ అనే అణువు కూడా అణుమాత్రంగా వస్తుంది. ఏళ్లు పండిన షెర్రీలో ఉండే ఈ అణువు మన మెంతుల వాసనకు కూడా మూలం. ఏ కాస్త ఉన్నా ముక్కు పట్టేస్తుంది. షెర్రీ పీపా విస్కీలో ఎండుద్రాక్ష, అంజీర్ వాసనల వెనక, బెల్లం పాకానికీ మెంతులకూ మధ్యలో ఉండే ఒక వాసన తగిలిందని తెలుగువాళ్లెవరైనా అంటే అది ఊహ కాకపోవచ్చు. ఆవకాయ పట్టే ఇంట్లో పెరిగిన ముక్కుకు ఆ అణువు పాత పరిచయమే.

సారా చెక్కలో ఏం వెతుక్కుంటుంది

కొత్త సారాను సాధారణంగా 63.5 శాతం ఆల్కహాల్‌కు నీళ్లతో తగ్గించి పీపాలో పోస్తారు. ఆ అంకెకు అర్థం ఉంది. చెక్కలో కొన్ని పదార్థాలు నీళ్లలో కరుగుతాయి, కొన్ని ఆల్కహాల్‌లో కరుగుతాయి. రెండూ ఉన్న ద్రవం రెండు రకాలనూ బయటికి లాగుతుంది.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. రెండు గాజు గ్లాసులు తీసుకుని, ఒకదానిలో నీళ్లు, ఇంకోదానిలో చేతులు తుడుచుకునే పలచటి ఆల్కహాల్ శానిటైజర్ కొద్దిగా పోసి, రెండింటిలోనూ చిటికెడు పసుపు వేయండి. నీళ్లలో పసుపు కలిసినట్టు కనిపించినా కాసేపటికి అడుగున పేరుకుంటుంది, పైన నీళ్లు తేటపడతాయి. ఆల్కహాల్ ఉన్న గ్లాసులో ద్రవమే చిక్కటి పసుపు రంగుకు తిరుగుతుంది. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో, నూనెలో కరుగుతుంది. పోపు నూనెలో వేసిన పసుపు కూరంతా పట్టేది ఇందుకే. కర్కుమిన్ ఎంత శాతం ఉందో తేల్చే ప్రయోగశాలల్లోనూ పసుపు పొడిలోని రంగును ఆల్కహాల్‌తోనే లాగి, ఆ ద్రవం 425 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలుస్తారు. ఓక్ పీపాలో పన్నెండేళ్లు జరిగేది కూడా ఇదే పని. పసుపు బదులు చెక్క ఉంటుంది, నిమిషాల బదులు ఏళ్లు పడతాయి.

ఓక్ చెక్కలో దాదాపు నాలుగో వంతు లిగ్నిన్ ఉంటుంది. చెట్టు నిటారుగా నిలబడటానికి కావలసిన గట్టిదనం దీనిదే. పీపా చేసేటప్పుడు లోపలి వైపును నిప్పు మీద కాలుస్తారు. ఆ వేడికి లిగ్నిన్ ముక్కలవుతుంది. హెమిసెల్యులోజ్ అనే మరో భాగం పంచదార మాడినట్టు మాడి కారమెల్, బాదం వాసనలిచ్చే అణువులుగా మారుతుంది. పోసిన సారా ఆ లిగ్నిన్ ముక్కలను కరిగించుకుంటుంది. పీపా చెక్కల గుండా నెమ్మదిగా లోపలికి వచ్చే ఆక్సిజన్ వాటిని వనిలిన్‌గా మారుస్తుంది. ఐస్‌క్రీమ్‌లో మనకు తెలిసిన వనిల్లా వాసన అదే అణువు. లవంగం వాసనకు మూలమైన యూజినాల్ కూడా ఈ చెక్కలో ఉంటుంది. కొబ్బరి వాసననిచ్చే ‘ఓక్ లాక్టోన్’ అమెరికా ఓక్‌లో ఎక్కువ. నోట్లో వగరునిచ్చే టానిన్లు యూరప్ ఓక్‌లో ఎక్కువ. షెర్రీ పీపాలు ఈ రెండు ఓక్‌లతోనూ చేస్తారు కాబట్టి, రెండు సీసాల మీద ఒకే మాట ఉన్నా రుచులు వేరుగా ఉంటాయి.

ఆర్మూర్ పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. లిగ్నిన్ ఎక్కడి నుంచి వస్తుంది? చెట్టు ఫినైలాలనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా దాన్ని మార్చుకుంటూ ఫెరులాయిల్-కోఎంజైమ్-ఎ అనే అణువు దాకా తెస్తుంది. అక్కడి నుంచి ఓక్ చెట్టు ఒక దారి పట్టి లిగ్నిన్ అల్లుకుంటుంది. పసుపు మొక్క కూడా అదే ఫినైలాలనిన్‌తో మొదలై, అదే ఫెరులాయిల్ మెట్టు దాకా వస్తుంది. తన కాండానికి, ఆకులకు కావలసిన లిగ్నిన్‌ను అదీ అల్లుకుంటుంది. కానీ భూమిలోని దుంపలో తనకున్న ప్రత్యేక ఎంజైములతో ఇంకో దారి తీసి, రెండు ఫెరులాయిల్ ముక్కలను జతచేసి కర్కుమిన్ తయారుచేస్తుంది. స్కాట్లాండ్ గ్లాసులోని వనిల్లా వాసన, ఆర్మూర్ కల్లంలోని పచ్చటి రంగు ఒకే కూడలిలో చీలిన రెండు దారులు.

ఆ చుట్టరికం తిరుగు దారిలో కూడా రుజువవుతుంది. చీరకు అంటిన పసుపు మరక నీళ్లకు పోదు, ఎండలో ఆరేస్తే వెలిసిపోతుందని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఎండ కర్కుమిన్ అణువును మధ్యలో విరగ్గొడుతుంది. అలా విరిగిన ముక్కల్లో ఒకటి వనిలిన్.

ఎండ వాటా, గాలి వాటా

పీపా గాలి చొరని పాత్ర కాదు. చెక్క గుండా ఆల్కహాల్, నీళ్లు ఆవిరై పోతూనే ఉంటాయి. స్కాట్లాండ్ వాళ్లు దీన్ని ‘దేవదూతల వాటా’ అంటారు. అక్కడి చల్లటి, చెమ్మ వాతావరణంలో ఈ నష్టం ఏడాదికి సుమారు 2 శాతం. బెంగళూరులో మాత్రం పది శాతం దాటుతుంది. 1948లో మొదలైన అక్కడి అమృత్ డిస్టిలరీస్ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో ఏకంగా గ్లాస్గోలోనే విడుదల చేసింది. షెర్రీ పీపాలతోనూ విస్కీలు చేసింది. దేవదూతలు మరీ అత్యాశపరులన్న అర్థంతో ఒక విస్కీకి ‘గ్రీడీ ఏంజెల్స్’ అని పేరు కూడా పెట్టింది.

లెక్క వేసి చూద్దాం. 500 లీటర్ల పీపా ఏడాదికి 2 శాతం చొప్పున తగ్గితే పన్నెండేళ్లకు దాదాపు 390 లీటర్లు మిగులుతుంది. ఏడాదికి 12 శాతం చొప్పున తగ్గితే 110 లీటర్లు కూడా మిగలదు. వేసవిలో 44, 45 డిగ్రీలు చూసే నిజామాబాద్ జిల్లాలో పీపా పెడితే నష్టం ఇంకా ఎక్కువే ఉంటుంది. వేడికి చెక్క నుంచి రంగు, టానిన్ తొందరగా దిగుతాయి. అయితే వేడితో అన్నీ ఒకే వేగంతో జరగవు. చెక్కను లాగే పని పరుగెత్తుతుంది, ఆక్సిజన్‌తో నిదానంగా జరగాల్సిన మార్పులు అదే లెక్కన పరుగెత్తవు. అందుకే వేడి దేశపు నాలుగేళ్ల విస్కీ రంగులో స్కాట్లాండ్ పన్నెండేళ్లదాన్ని అందుకున్నా వాసనలో దానికి నకలు కాదు. దాని వ్యక్తిత్వం దానిది. వయసు అంకెను బట్టి రెండింటినీ పోల్చడం తప్పు.

ఎండ లెక్క పసుపు రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తొమ్మిది నెలల పంటను తవ్వి, కొమ్ములు, మండలు వేరుచేసి, ఉడకబెట్టి, కల్లంలో రెండు వారాల దాకా ఎండబెడితే గానీ పచ్చి దుంపలోని నీరు పది శాతానికి దిగదు. ఉడకడం ఎప్పుడు ఆపాలో చెప్పే గుర్తుల్లో ఒకటి ముక్కుదే. నురగ పొంగి, తెల్లటి ఆవిరి లేచి, పసుపుకే సొంతమైన ఒక వాసన గుప్పుమంటుంది. అప్పుడు దించాలి.

కన్ను చేసే మోసం

2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ద్రాక్షసారా విద్య చదువుతున్న 54 మందికి ఒక తెల్ల ద్రాక్షసారా ఇచ్చి వాసన వర్ణించమన్నారు. అదే తెల్ల సారాలో వాసన లేని ఎర్ర రంగు కలిపి మళ్లీ ఇచ్చారు. రంగు మారగానే విద్యార్థులు ఎర్ర ద్రాక్షసారాకు వాడే మాటలతో దాన్ని వర్ణించారు. ముక్కుకు అందిన అణువులు మారలేదు. కన్ను చెప్పిన మాటను మెదడు ముక్కు మాటగా రాసుకుంది. వాళ్లు తెలియనివాళ్లేం కాదు, ఆ విద్య నేర్చుకుంటున్నవాళ్లే.

స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి ముదురు రంగు మంచి షెర్రీ పీపాకు సాక్ష్యం కాదు. కొన్ని డిస్టిలరీలు రంగు కలపలేదని సీసా మీదే రాస్తాయి. అది చదువుకోవాల్సిన మాట.

పసుపులోనూ ఇదే చిక్కు. రంగు కర్కుమిన్‌ది. కర్కుమిన్ ఆవిరి కాదు, కాబట్టి ముక్కు దాకా రాదు. వాసన టర్మెరోన్ అనే నూనె అణువులది. అవి పసుపు మొక్కలో పూర్తిగా వేరే దారిలో తయారవుతాయి. అంటే రంగు ఎక్కువున్న పసుపుకు వాసన ఎక్కువుండాలన్న నియమం లేదు. కొమ్ములను పాలిష్ పట్టేటప్పుడు చివర్లో పసుపు పొడి నీళ్లు చల్లి పైమెరుపు తెప్పించడం మామూలే, అందులో అపాయం లేదు. కానీ మెరుపు కోసం లెడ్ క్రోమేట్ లాంటి విషపు రంగు పూసినప్పుడు కన్ను దాన్ని మేలిరకం అనుకుంటుంది, పిల్లల రక్తంలోకి సీసం చేరుతుంది. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలోని సీసానికి కల్తీ పసుపు ఒక మూలమని పరిశోధకులు తేల్చాక అక్కడి ప్రభుత్వం మార్కెట్ల మీద కఠినంగా దాడులు చేయాల్సి వచ్చింది. రంగు మీద గుడ్డి నమ్మకానికి చెల్లించే మూల్యం అంతటిది.

గ్లాసులో ఏం జరుగుతుంది

రుచి చూడటం అంటే మింగడం కాదు. నాలుక చెప్పేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రుచి వరకే. మిగతాదంతా ముక్కు పని. మనిషి ముక్కులో దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. ఆ గ్రాహకాల జన్యు కుటుంబాన్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌కు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కో అణువు కొన్ని గ్రాహకాలను తడుతుంది. ఏవి తట్టాయన్న కూర్పును బట్టి మెదడు దాన్ని ఎండుద్రాక్ష అనో, లవంగం అనో గుర్తుపడుతుంది.

అందుకే మూతి దగ్గర సన్నబడే చిన్న గ్లాసు కావాలి. వాసనను అది పోగుచేస్తుంది. ఐస్ వేయకూడదు, చల్లబడితే అణువులు ఎగరవు. మొదట గ్లాసును ముక్కుకు కాస్త దూరంగా పట్టి, నోరు కొంచెం తెరిచి వాసన చూడాలి. మంచి షెర్రీ పీపా అయితే ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్క, వేయించిన బాదం, లవంగం, దాల్చినచెక్క వాసనలు ఒక్కొక్కటే విడివడతాయి. కాలిన అగ్గిపుల్ల వాసన గానీ కుళ్లిన కూరగాయ వాసన గానీ వస్తే అది గంధకానిది. ఖాళీ పీపాలు పాడవకుండా లోపల గంధకం వెలిగిస్తారు, దాని జాడ ఒక్కోసారి విస్కీలోకి వస్తుంది.

చిన్న గుక్క తీసుకోగానే నోరు మండుతుంది. అది రుచి కాదు, నొప్పి. మిరపకాయ కారాన్ని పట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకమే ఆల్కహాల్‌నూ పట్టుకుంటుంది. మామూలుగా 42 డిగ్రీల వేడికి స్పందించే ఆ గ్రాహకాన్ని ఆల్కహాల్ 34 డిగ్రీలకే కదిలేలా చేస్తుంది. అంటే నోటి సొంత వేడే మంటగా తోస్తుంది. ఆ తర్వాత నాలుక పక్కల వచ్చే బిగింపు టానిన్లది. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని జారుడుతనం పోగొడతాయి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరు ఇలాంటిదే. వగరును మన పెద్దలు షడ్రుచుల్లో లెక్కపెట్టారు. నేటి శాస్త్రం దాన్ని స్పర్శ అంటుంది. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదిలితే గొంతు వెనక నుంచి ఇంకో విడత వాసన వస్తుంది. చాలామంది తొందరలో పోగొట్టుకునే భాగం అది.

కొన్ని చుక్కల నీళ్లు కలపడం తప్పు కాదు. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ లెక్కలతో దీని కారణం చూపారు. ఆల్కహాల్ 59 శాతానికి పైన ఉన్నప్పుడు పొగ వాసననిచ్చే గ్వాయకాల్ లాంటి అణువులు ద్రవం లోపలే చిక్కుకుని ఉంటాయి. 45 శాతానికి, అంతకన్నా కిందికి తగ్గితే అవి పైకి, గాలి తగిలే చోటుకి చేరతాయి. పీపాలోంచి తీసినది తీసినట్టు 55, 60 శాతంతో సీసాకెక్కించిన విస్కీకి నీళ్లు ఎందుకు మేలు చేస్తాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. ఖరీదైన పీపాలో పండిందని ఆల్కహాల్ స్వభావం మారదు. తాగని ఇంట్లో ఈ శాస్త్రం కోసం సీసా తెరవనక్కర్లేదు. వాసన చదివే విద్యకు మెంతులు, లవంగం, పసుపు కొమ్ము చాలు.

పసుపుకు ఒక వాసనల పట్టిక

స్కాట్లాండ్ నుంచి ఆర్మూర్ తెచ్చుకోవాల్సింది సీసా కాదు, ఒక పద్ధతి. 1979లో పెంట్‌ల్యాండ్స్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు విస్కీ వాసనలన్నిటినీ ఒక చక్రంలో అమర్చారు. పండ్లు, పూలు, ధాన్యం, పొగ, చెక్క, గంధకం అంటూ కుటుంబాలుగా విడదీసి, ఒక్కోదానికి పేరు పెట్టారు. అంతకుముందు ఒక డిస్టిలరీ మనిషి ‘బాగుంది’ అంటే ఇంకొకరికి ఏది బాగుందో తెలిసేది కాదు. మాట ఉమ్మడి అయ్యాక లోపం ఎక్కడుందో చెప్పగలిగారు, తేడాను కొలవగలిగారు, ఆ తేడాకు ధర అడగగలిగారు. షెర్రీ పీపా అన్న రెండు మాటలకు అంత విలువ కట్టగలగడం వెనక, వాసనకు పేరు పెట్టి ఒప్పించిన ఆ శ్రమ ఉంది.

మన పసుపుకు ఇంకా ఆ భాగ్యం పట్టలేదు. పొడవు, తేమ, పైమెరుపు, కర్కుమిన్ శాతం చూసి ధర కడతారు. కర్కుమిన్ శాతం మందుల కంపెనీకి అవసరమే, అందులో తప్పు లేదు. కూరలో పసుపు వేసే మనిషికి మాత్రం వాసన కూడా అంతే ముఖ్యం. ఆ వాసన టర్మెరోన్లది, వాటిని కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రాలు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. ఆర్మూర్ పేరుతోనే ఒక నాటు రకం ఉంది. ఏ నేలలో పండినది, ఎంతసేపు ఉడికినది, ఎంత ఎండలో ఎండినది ఏ వాసననిస్తుందో కొమ్ము విరిచి చెప్పగల రైతులు, దలాలులు, పాలిష్ పట్టేవాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్ల ముక్కుకు తెలిసినది కాగితం మీదికి రాలేదు, అంతే తేడా.

2025 జనవరిలో మొదలైన జాతీయ పసుపు బోర్డుకు కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. ఆ బోర్డు చేయదగిన మొదటి పనుల్లో ఒకటి, అనుభవం ఉన్న పాతికమందిని ఒకచోట కూర్చోబెట్టి, వేర్వేరు ఊళ్ల పసుపు ముందు పెట్టి, కళ్లకు గుడ్డ కట్టి వాసన చెప్పమనడం. వాళ్లు తెలుగులో వాడిన మాటలనే రాసుకోవాలి. ఆ మాటల పక్కన యంత్రం చూపిన అంకెలు వేయాలి. రంగు మోసం చేయలేని ఒక కొలత అప్పుడు రైతు చేతికి వస్తుంది. ఉడకబెట్టడంలో, ఎండబెట్టడంలో శ్రద్ధ పెట్టినవాడికి ఆ శ్రద్ధకు తగ్గ ధర అడిగే హక్కు దానితో పాటే వస్తుంది.